పులికాట్ సరస్సులో చేపలవేట

పులికాట్ సరస్సులో చేపలవేట ఆంధ్రప్రదేశ్, తమిళనాడు సరిహద్దులోని ఉప్పునీటి సరస్సు చుట్టూ నివసించే మత్స్యకారుల ప్రధాన జీవనోపాధి. ఆంధ్రప్రదేశ్ వైపున తడ, సూళ్ళూరుపేట, దొరవారిసత్రం, చిట్టమూరు, వాకాడు మండలాలలోని గ్రామాలు ఈ సరస్సుపై ఆధారపడి ఉన్నాయి. ఈ మండలాలు పూర్వం నెల్లూరు జిల్లాలో ఉండేవి. 2022 ఏప్రిల్ 4న జరిగిన జిల్లాల పునర్విభజనలో ఇవి తిరుపతి జిల్లాలో చేరాయి. తమిళనాడు వైపున తిరువళ్ళూరు జిల్లాలోని పొన్నేరి, గుమ్మిడిపూండి తాలూకాల గ్రామాలు సరస్సును ఆనుకొని ఉన్నాయి.

ఇక్కడి వేట సముద్రపు వేట కాదు, చెరువు వేట కూడా కాదు. వలలు వేసేది సరస్సులోనే అయినా, వలలో పడే రొయ్యలు, పీతలు, చేపలలో ఎక్కువ భాగం సముద్రంలో పుట్టినవే. అందువలన సముద్రానికీ సరస్సుకూ మధ్య ఇసుకలో ఉండే సన్నని ముఖద్వారం తెరచి ఉన్నదా, పూడిపోయినదా అన్న దానిపై ఈ గ్రామాల బ్రతుకుతెరువు ఆధారపడి ఉంటుంది.

సరస్సు స్వరూపం

పులికాట్ సరస్సు భారతదేశంలోని ఉప్పునీటి సరస్సులలో ఒడిషాలోని చిలికా తరువాత రెండవ పెద్దది. దీనికి ప్రళయకావేరి అనే పేరు కూడా ఉన్నది. తమిళంలో పళవేర్కాడు అంటారు. ఉత్తర దక్షిణాలుగా దీని పొడవు సుమారు 60 కిలోమీటర్లు. విస్తీర్ణం సుమారు 450 చదరపు కిలోమీటర్లని చెబుతారు గాని, వానలను బట్టి, ఆటుపోట్లను బట్టి అది ఎంతో మారుతూ ఉంటుంది. సరస్సులో అధిక భాగం ఆంధ్రప్రదేశ్‌లోనే ఉన్నది. సగటు లోతు ఇంచుమించు ఒక మీటరు మాత్రమే. కనుక చాలా చోట్ల మత్స్యకారులు నీటిలో నడుస్తూనే వేట సాగిస్తారు.

సరస్సుకూ బంగాళాఖాతానికీ మధ్య శ్రీహరికోట దీవి పొడవైన ఇసుక గట్టు వలె అడ్డుగా ఉన్నది. పశ్చిమం నుండి కాళంగి నది, దక్షిణం నుండి ఆరణి నది మంచినీటిని తెస్తాయి. ఉత్తర భాగానికి స్వర్ణముఖి వరదనీరు చేరుతుంది. బ్రిటిషు పాలనలో సరకుల రవాణాకు ఉపయోగపడిన బకింగ్‌హాం కాలువ కూడా సరస్సును కలుపుకొని పోతుంది.

తడ పట్టణం చెన్నై - నెల్లూరు జాతీయ రహదారిపై సరస్సుకు పడమటి వైపున ఉన్నది. తడ మండలంలోని ఇరకం, వేనాడు సరస్సు నడుమ వెలసిన దీవి గ్రామాలు. ఇరకం దీవికి భీములవారిపాలెం రేవు నుండి పడవలపై వెళ్తారు. వేనాడులో ప్రసిద్ధమైన దర్గా ఉన్నది.

చేపలు సరస్సులోకి వచ్చే విధానం

తెల్లరొయ్య, టైగర్ రొయ్య సముద్రంలో గ్రుడ్లు పెడతాయి. ఒక తల్లిరొయ్య లక్షల కొలది గ్రుడ్లను విడుస్తుంది. గ్రుడ్ల నుండి వెలువడిన లార్వాలు రెండు మూడు వారాలలో పలు దశలు దాటి చిన్న రొయ్యపిల్లల రూపం పొందుతాయి. పోటు నీటితో పాటు ఈ పిల్లలు ముఖద్వారం గుండా సరస్సులోకి ప్రవేశిస్తాయి. ఇక్కడ నీరు నిలకడగా ఉంటుంది, ఆహారం సమృద్ధిగా దొరుకుతుంది, పెద్ద చేపల బెడద తక్కువ. కొన్ని నెలలు పెరిగిన తరువాత ఇవి ఆటు నీటితో తిరిగి సముద్రానికి బయలుదేరుతాయి. పెద్దవై సముద్రంలో గ్రుడ్లు పెట్టడంతో ఈ చక్రం పూర్తి అవుతుంది.

మల్లెట్ జాతికి చెందిన కత్తిపరిగ, పాలబొంత, పండుగప్ప కూడా గ్రుడ్లు పెట్టడానికి సముద్రాన్ని ఆశ్రయించేవే. మండపీత సరస్సు బురదలో పెరిగినా, గ్రుడ్లు మోసే ఆడపీత సముద్రానికే పోతుంది. సరస్సు ఈ జీవులకు పెంపకపు నెలవు మాత్రమే, పుట్టినిల్లు కాదు. ముఖద్వారం మూసుకొనిపోతే క్రొత్త పిల్లలు లోనికి రాలేవు, లోపల పెరిగినవి బయటికి పోలేవు. ఆ ప్రభావం కొన్ని నెలల తరువాత వలలలో కనబడుతుంది.

ముఖద్వారాలలో దక్షిణాన తమిళనాడులోని పళవేర్కాడు వద్ద ఉన్నది ముఖ్యమైనది. ఆంధ్రప్రదేశ్‌లో రాయదొరువు వద్దను, మరికొంత ఉత్తరాన తూపిలిపాలెం వద్దను ముఖద్వారాలు ఉన్నాయి.

ఋతువులు, నీటి ఉప్పదనం

సముద్రపు నీటిలో లీటరుకు సుమారు 35 గ్రాముల లవణాలు ఉంటాయి. పులికాట్ సరస్సులో ఈ పరిమాణం స్థిరంగా ఉండదు. అక్టోబరు నుండి డిసెంబరు వరకు ఈశాన్య ఋతుపవనాల వానలు కురిసి నదులు పొంగినప్పుడు నదుల చేరువలో నీరు దాదాపు మంచినీరుగా మారుతుంది. వేసవిలో నదులు ఎండి, నీరు ఆవిరై, లవణాలు లీటరుకు 50 గ్రాములను మించిన సందర్భాలు ఉన్నాయి. మే నెల నాటికి ఉత్తర భాగంలో చాలా మేర నీరు ఇంకిపోయి, ఉప్పు పేరుకొన్న బయలు కనబడుతుంది.

ముఖద్వారం తెరచుకొనడం, మూసుకొనడం కూడా ఈ ఋతుచక్రంలో భాగమే. కెరటాలు, తీరం వెంబడి సాగే ప్రవాహాలు ఇసుకను నిరంతరం మోసుకొని వచ్చి ముఖద్వారంలో పోస్తూ ఉంటాయి. వరద కాలంలో సరస్సు నుండి సముద్రానికి పోయే నీరు ఆ ఇసుకను నెట్టివేస్తుంది. వేసవిలో అంతటి ప్రవాహం ఉండదు గనుక ఇసుక మేట వేస్తుంది. వానలు సరిగా కురవని ఏడాది ముఖద్వారం పూర్తిగా పూడిపోవచ్చును. అటువంటి సమయాలలో గ్రామస్థులు పారలు పట్టుకొని స్వయంగా ఇసుక త్రవ్వి నీటికి దారి చేసిన సందర్భాలు ఉన్నాయి.

ముఖ్యమైన జలచరాలు

విలువను బట్టి చూస్తే రొయ్యలు, మండపీతలు మొదటి స్థానంలో ఉంటాయి. మండపీతను ప్రాణంతోనే అమ్మాలి. పట్టిన వెంటనే దాని బలమైన డెక్కలను త్రాటితో కట్టివేస్తారు. ప్రాణంతో ఉన్న పీతలు చెన్నై మీదుగా ఆగ్నేయాసియా దేశాలకు ఎగుమతి అవుతాయి.

చేపలలో కత్తిపరిగ విరివిగా దొరుకుతుంది. పండుగప్ప, పాలబొంతలకు మంచి గిరాకీ ఉన్నది. మూతి చుట్టూ మీసాలు ఉండే జెల్లలు బురద నేలను తడుముకొంటూ ఆహారం వెదుకుతాయి. ఈ మీసాలు వాటికి స్పర్శను, రుచిని తెలిపే అవయవాలు. సముద్రపు జెల్లలలో మగచేప గ్రుడ్లను తన నోటిలో ఉంచుకొని, పిల్లలు వెలువడే వరకు కాపాడుతుంది. జెల్ల రెక్కల ముళ్ళు గ్రుచ్చుకొంటే తీవ్రమైన నొప్పి, వాపు కలుగుతాయి. అందుచేత వల నుండి దానిని తీయడంలో అనుభవం అవసరం.

సరస్సు అడుగున గుల్లలు కూడా విస్తారంగా ఉన్నాయి. చనిపోయిన గుల్లలను సేకరించి కాల్చి సున్నం తయారు చేయడం ఈ ప్రాంతపు పాత వృత్తులలో ఒకటి.

వేట సాధనాలు, పద్ధతులు

విసురు వల: గుండ్రంగా ఉండే ఈ వల అంచు చుట్టూ బరువు గుళ్ళు ఉంటాయి. ఒక్క మనిషి మోకాలి లోతు నీటిలో నిలిచి, లేదా పడవపై నుండి దీనిని విసరుతాడు. వల గొడుగు వలె విచ్చుకొని నీటిపై పడి, బరువుకు అడుగునకు దిగి చేపలను కప్పివేస్తుంది. పెట్టుబడి తక్కువ కనుక పేద మత్స్యకారులకు ఇదే ఆధారం.

కట్టు వల: సరుగుడు గుంజలను నీటి అడుగున పాతి, వాటికి వలను కట్టి ప్రవాహానికి ఎదురుగా నిలుపుతారు. ఆటు నీటితో సముద్రం వైపు పోయే రొయ్యలు ఈ వలలో చిక్కుతాయి. రొయ్యలు రాత్రివేళ ఎక్కువగా కదలుతాయి గనుక ఈ వేట సాధారణంగా రాత్రిపూట సాగుతుంది. అమావాస్య, పౌర్ణమి రోజులలో ఆటుపోట్ల తీవ్రత అధికం కావడం వలన ఆ రోజులు ముఖ్యమైనవి. వేటగాడు పంచాంగంలోని తిథిని గమనించుకోవడానికి కారణం ఇదే.

మొప్పల వల: ఇది నీటిలో తెర వలె నిలిచే సన్నని దారపు వల. చేప తల వల కన్నులో దూరి మొప్పల వద్ద చిక్కుకొంటుంది. వల కన్ను పరిమాణాన్ని బట్టి ఎంత పెద్ద చేప పడునో నిర్ణయమవుతుంది. కన్ను మరీ చిన్నదైతే ఎదగని పిల్లలు కూడా పడిపోతాయి. కనుకనే వల కన్ను పరిమాణం మత్స్యకారుల మధ్య తరచుగా వివాదాంశమవుతుంది.

చేతి పట్టు: లోతు తక్కువైన నీటిలో కూర్చుని గాని వంగి గాని బురదను చేతులతో తడిమి రొయ్యలను, పీతలను పట్టడం. యానాదులు, తమిళనాడు వైపున ఇరులర్లు దీనిలో నేర్పరులు. స్త్రీలు కూడా ఈ పని చేస్తారు. పట్టిన రొయ్యలను తాటాకు బుట్టలో వేసుకొంటారు. ముళ్ళు, గుల్లల అంచులు చేతులను కోయడం, గంటల తరబడి ఉప్పునీటిలో ఉండడం వలన చర్మం పాడగుట ఈ పనిలోని కష్టాలు.

తూముల వద్ద వేట: సరస్సుకు అడ్డంగా వేసిన రహదారుల తూముల వద్ద వానాకాలంలో నీరు వేగంగా పారుతుంది. చేపలు ఆ ప్రవాహం వద్ద గుమికూడతాయి. ఆనకట్టల దిగువ మడుగులలో వలెనే ఇక్కడ కూడా విసురు వలలతోను, గాలాలతోను వేట సాగుతుంది.

పూర్వం నూలు దారంతో వలలు అల్లి, అవి కుళ్ళిపోకుండా చెట్ల బెరడు కషాయంలో నానబెట్టేవారు. ఇరవయ్యవ శతాబ్దపు ద్వితీయార్ధంలో నైలాను వలలు రావడంతో ఆ పని తప్పింది. తెరచాప, గడ కర్రలతో నడిచే చెక్క పడవల స్థానాన్ని క్రమంగా ఫైబరు పడవలు ఆక్రమించాయి. 2004 డిసెంబరు 26న సంభవించిన సునామీ తరువాత సహాయ కార్యక్రమాలలో ఫైబరు పడవలు పెద్ద సంఖ్యలో పంపిణీ కావడంతో ఈ తీరంలో వాటి వాడకం మరింత పెరిగింది.

మత్స్యకార సమాజాలు

ఆంధ్రప్రదేశ్ వైపున సరస్సులో వేట సాగించే వారిలో పట్టపు కులస్థులు, యానాదులు ముఖ్యులు. పట్టపు కులం రాష్ట్ర వెనుకబడిన తరగతుల జాబితాలో ఏ వర్గంలో ఉన్నది. యానాదులు షెడ్యూల్డు తెగలలోని వారు. మత్స్యకారుల పల్లెలను ఇక్కడ కుప్పం అంటారు. సరిహద్దు ప్రాంతం కావడం వలన ఈ పల్లెలలో తెలుగు, తమిళం రెండూ వినిపిస్తాయి. బంధుత్వాలు కూడా రాష్ట్ర సరిహద్దుకు ఇరువైపులా అల్లుకొని ఉన్నాయి.

పడవ, వల సొంతంగా ఉన్న కుటుంబానికీ, చేతి పట్టుతో జీవించే కుటుంబానికీ మధ్య ఆదాయంలో చాలా తేడా ఉంటుంది. సరస్సులో రాబడి తగ్గినప్పుడు పడవ ఉన్నవారు దూరం పోగలరు. చేతి పట్టుపై ఆధారపడినవారు తమ ఊరి ఒడ్డునే నమ్ముకోవాలి. అందుచేత ముఖద్వారం పూడినప్పుడు, నీరు ఇంకినప్పుడు మొదట నష్టపోయేది వీరే.

పాడు పద్ధతి

సరస్సు దక్షిణ భాగంలో వేట స్థలాలను వంతులవారీగా పంచుకొనే సంప్రదాయం ఉన్నది. దీనిని పాడు అంటారు. కొట్టైకుప్పం, ఆండికుప్పం, నడుకుప్పం గ్రామాలలోని పట్టణవర్ కులస్థులు దీనిని పాటిస్తున్నారు. ముఖద్వారానికి చేరువలో ఉన్న స్థలాలలో రొయ్యలు అధికంగా పడతాయి. ఆ స్థలాలు ఎల్లప్పుడూ ఒకరికే దక్కకుండా, ఏ రోజు ఏ గ్రామం, ఏ బృందం ఎక్కడ కట్టు వల వేయాలో ముందుగానే నిర్ణయించుకొంటారు. ఒకనాడు మంచి స్థలం దొరికిన బృందం తరువాతి వంతులో తక్కువ రాబడి ఉన్న స్థలానికి పోవలసి ఉంటుంది. ఇక్కడ పంచుకొనేది చేపలను కాదు, చేపలు పట్టే అవకాశాన్ని.

ఈ పద్ధతి వలన తగవులు తగ్గుతాయి, ఒకేచోట వలలు క్రిక్కిరిసి పోకుండా ఉంటాయి. అయితే పాడు హక్కు ఆ గ్రామాలలోని ఆ కులపు వివాహిత పురుషులకే పరిమితం. ఇతర కులాల వారికి, ఇరులర్లకు, స్త్రీలకు ఈ వంతులలో చోటు లేదు. సరస్సుపై ఆధారపడేవారి సంఖ్య పెరిగిన కొద్దీ ఈ విషయం వివాదాస్పదమైనది. ఉన్నవారి మధ్య న్యాయంగా పంచే ఏర్పాటే, లేనివారిని బయట నిలిపే గోడగా కూడా పనిచేయగలదని పాడు పద్ధతి తెలుపుతుంది.

అమ్మకం

పట్టిన చేపలను ఒడ్డునే వ్యాపారులు కొంటారు. తడ, సూళ్ళూరుపేట సంతలలో కొంత అమ్ముడుపోగా, మేలైన రకాలు మంచులో పెట్టి చెన్నైకి పంపుతారు. వల, పడవ కొనడానికి వ్యాపారి వద్ద ముందుగా అప్పు తీసుకొన్న మత్స్యకారుడు తన రాబడిని ఆ వ్యాపారికే అమ్మవలసి ఉంటుంది. అప్పుడు ధర నిర్ణయించేది వ్యాపారే. మిగిలిన చిన్న చేపలను, రొయ్యలను ఉప్పు చల్లి ఎండబెడతారు. ఎండుచేపల పని, వీధులలో చేపల అమ్మకం ఎక్కువగా స్త్రీల చేతులలో ఉన్నాయి.

సమస్యలు

ముఖద్వారాల పూడిక: ఇది అన్నింటికంటె ముఖ్యమైనది. నదుల ఎగువన నీటి వాడకం పెరగడం వలన సరస్సుకు చేరే వరద తగ్గింది. వరద తగ్గితే ఇసుకను నెట్టే బలం తగ్గుతుంది. నదులు తెచ్చే ఒండ్రు వలన సరస్సు లోతు కూడా తగ్గుతున్నది. రాయదొరువు ముఖద్వారం పూడిపోవడంతో ఉత్తర భాగానికి సముద్రపు నీటి రాకపోకలు క్షీణించాయి.

సరస్సును చీల్చిన రహదారి: శ్రీహరికోటలో రాకెట్ కేంద్రం ఏర్పడినప్పుడు సూళ్ళూరుపేట నుండి దీవికి సరస్సు మీదుగా కట్టపై రహదారి వేశారు. 1971లో ఈ కేంద్రం నుండి తొలి రాకెట్ ప్రయోగం జరిగింది. దేశ అంతరిక్ష పరిశోధనకు ఎంతో అవసరమైన ఈ మార్గం సరస్సును ఉత్తర, దక్షిణ భాగాలుగా విడదీసింది. కట్టలోని తూముల ద్వారా మాత్రమే నీరు రెండు వైపులకు పారుతుంది. ఉత్తర భాగం త్వరగా ఎండిపోవడానికి గల కారణాలలో దీనిని ఒకటిగా పరిశోధకులు పేర్కొంటారు. ప్రయోగాలు జరిగే రోజులలో భద్రత కొరకు మత్స్యకారులను చుట్టుపక్కల సముద్రంలోకి వెళ్ళవద్దని హెచ్చరిస్తారు.

రొయ్యల చెరువులు: 1990ల దశకంలో నెల్లూరు తీరంలో రొయ్యల పెంపకం వేగంగా విస్తరించింది. చెరువుల నుండి వదిలే మురికినీరు, రొయ్యపిల్లల కోసం సరస్సులో సాగిన విచ్చలవిడి సేకరణ సమస్యలుగా మారాయి. గాంధేయవాది ఎస్. జగన్నాథన్ వేసిన వ్యాజ్యంపై 1996 డిసెంబరు 11న సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. చిలికా, పులికాట్ సరస్సులకు 1000 మీటర్ల లోపు రొయ్యల పెంపకపు చెరువులు ఉండరాదని ఆ తీర్పులో ఆదేశించింది.

సరిహద్దు తగవులు: చేపలకు రాష్ట్ర సరిహద్దు తెలియదు. నీటిపై గీత కూడా కనబడదు. ఒక వైపు వారు మరొక వైపు వచ్చి వేటాడుతున్నారని, నిషేధించిన వలలు వాడుతున్నారని ఆరోపణలు వచ్చి ఘర్షణలు జరగడం, పడవలను, వలలను పట్టుకొనడం, తరువాత రెండు రాష్ట్రాల అధికారులు, గ్రామ పెద్దలు కూర్చుని మాట్లాడడం పలుమార్లు జరిగినది. ఉత్తర భాగంలో నీరు తగ్గినప్పుడు ఆంధ్ర మత్స్యకారులు లోతైన దక్షిణ భాగం వైపు పోవలసి రావడం ఈ తగవులకు ఒక మూలకారణం. అంటే నీటి సమస్యే సరిహద్దు సమస్యగా బయటపడుతున్నది.

పక్షుల అభయారణ్యం: ఆంధ్రప్రదేశ్‌లోని భాగాన్ని 1976లోను, తమిళనాడులోని భాగాన్ని 1980లోను పక్షుల అభయారణ్యంగా ప్రకటించారు. శీతాకాలంలో వేలాది ఫ్లెమింగోలు, గూడబాతులు, ఇతర పక్షులు ఇక్కడకు చేరుతాయి. 2001 నుండి సూళ్ళూరుపేటలో ఫ్లెమింగో ఉత్సవాలు నిర్వహించే ఆనవాయితీ మొదలయినది. ఫ్లెమింగోలు నీటిలోని సూక్ష్మజీవులను, చిన్న కీటకాలను వడగట్టి తింటాయి గనుక వేటగాళ్ళతో వాటికి పోటీ లేదు. గూడబాతులు మాత్రం చేపలనే తింటాయి. అయినను నిస్సారమైన, ఎండిపోయిన సరస్సు పక్షులకూ మత్స్యకారులకూ సమానంగా నష్టదాయకమే.

పరిష్కార ప్రయత్నాలు

ముఖద్వారాలలో పూడిక తీయవలెనని మత్స్యకారులు దశాబ్దాలుగా కోరుతున్నారు. పూడిక ఒకసారి తీసినంత మాత్రాన పని పూర్తి కాదు. తీసిన ఇసుకను కెరటాలు మళ్ళీ తెచ్చి పోస్తాయి. తమిళనాడు ప్రభుత్వం పళవేర్కాడు ముఖద్వారం వద్ద ఇసుకను నిలువరించే రాతి గోడల నిర్మాణం చేపట్టింది. ఆంధ్రప్రదేశ్‌లో రాయదొరువు ముఖద్వారాన్ని తెరచే ప్రతిపాదనలు సాగుతున్నాయి. ఇది అభయారణ్యపు పరిధికి సంబంధించినది గనుక వన్యప్రాణి, పర్యావరణ అనుమతులు అవసరమవుతాయి.

చిలికా సరస్సులో 2000 సంవత్సరంలో క్రొత్త ముఖద్వారం త్రవ్విన తరువాత నీటి ఉప్పదనం మెరుగుపడి, చేపల, రొయ్యల రాబడి చెప్పుకోదగినంతగా పెరిగింది. పులికాట్ విషయంలో తరచుగా ఉదహరించబడేది ఈ అనుభవమే. అయితే చిలికాకు మహానది శాఖల నీరు అందుతుంది. పులికాట్‌లో కలిసే నదులు చిన్నవి, ఏడాదిలో ఎక్కువ నెలలు ఎండి ఉండేవి. కనుక ముఖద్వారం తెరవడంతో పాటు కాళంగి, ఆరణి, స్వర్ణముఖి నదుల నుండి సరస్సుకు తగినంత వరదనీరు చేరేటట్లు చూడడం, రహదారుల కట్టలలో తూములను పెంచడం, చిన్న కన్ను వలలను అరికట్టడం కూడా అవసరం.

తూర్పు తీరంలో ఏటా ఏప్రిల్ 15 నుండి జూన్ 14 వరకు 61 రోజుల పాటు మర పడవలపై సముద్రంలో చేపలవేటను నిషేధిస్తారు. సముద్రంలో గ్రుడ్లు పెట్టే కాలాన్ని ఈ విధంగా కాపాడుతున్నారు. ఆ గ్రుడ్ల నుండి వెలువడిన పిల్లలు సరస్సును చేరుకొనే దారి కూడా తెరచి ఉన్నప్పుడే తడ, సూళ్ళూరుపేట తీరాల మత్స్యకారులకు ఆ నిషేధపు ఫలితం అందుతుంది.